కంది పూత రాలుతోందా? పంపు ఎత్తే ముందు గూడు విప్పి చూడండి

ప్రశ్న: మాది తాండూరు దగ్గర పల్లె. నల్లరేగడిలో నాలుగెకరాల కంది వేశాం. జూన్ చివర్లో విత్తాం. మా ఆయన హైదరాబాదులో డ్రైవరుగా పనిచేస్తారు, సాగంతా నేనే చూసుకుంటున్నాను. దసరా వెళ్లాక పూత బాగా వచ్చింది. ఆ తర్వాత వారం రోజులు ముసురు పట్టింది. అప్పటి నుంచి పూత రాలుతోంది, ఉన్న పూలు ముద్దలా అతుక్కుపోతున్నాయి. దుకాణంలో చెబితే మూడు రకాలు కలిపి కొట్టమన్నారు. రెండుసార్లు కొట్టించాను, ఎకరానికి ఐదారు ట్యాంకులు పట్టాయి. బిల్లుల ఫొటోలు పంపుతున్నాను. తేడా ఏమీ కనిపించలేదు. పక్క చేనులో కందిలో జొన్న కలిపి వేశారు, ఒక్కసారే మందు కొట్టారు, వాళ్ల చేను మాకంటే బాగుంది. ఇంకా ఘాటైన మందు ఏదైనా ఉంటే చెప్పండి. పూత నిలబడే మందు కూడా చెప్పండి. పురుగు పట్టిన చేనులోని కందులు వచ్చే ఏడాది విత్తనానికి పనికొస్తాయా?

సమాధానం:

అమ్మా, మీరు మొదట అడిగిన దానికే ముందు జవాబు చెబుతాను. మీ బిల్లుల్లో ఉన్నవాటికంటే ఘాటైన మందు అక్కర్లేదు. రెండోసారి కొట్టించిన వాటిలో ఉన్న క్లోరాంట్రానిలిప్రోల్ కాయతొలుచు పురుగుల మీద ఇవాళ దొరికే మంచి మందుల్లో ఒకటి. అదీ పనిచేయలేదంటే బలం చాలక కాదు. పురుగు ఏది, ఎక్కడ దాక్కుంది, మందు దాని దాకా చేరిందా అని ఎవరూ చూడలేదు. దుకాణంలో కూర్చున్నవారు మీ చేను చూడలేదు, కొట్టడానికి వచ్చినవారికి చూసే తీరిక లేదు. మూడోసారి మనిషిని పిలవకముందు రేపు ఉదయం మీరే చేనులోకి వెళ్లండి.

ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా నడవండి. గట్టు పక్క మొక్కలను వదిలేసి, దారిలో ఐదు చోట్ల ఆగి, ఒక్కోచోట నాలుగేసి మొక్కలు చూడండి. కొమ్మ కింద తెల్లటి పాత గుడ్డ పరిచి కొమ్మను గట్టిగా దులపండి. తర్వాత అతుక్కుపోయిన పూగుత్తి ఒకటి తెంపి రెండు చేతుల వేళ్లతో నెమ్మదిగా విడదీయండి. సన్నటి పట్టుదారాలు సాగుతాయి. లోపల ఎండిన పూరేకులు, మొగ్గలు, వాటి మధ్య గోధుమరంగు పొడిలా పురుగు రెట్ట ఉంటుంది. ఇంకొంచెం విప్పితే తెల్లటి ఒంటి మీద వరుసగా నల్లచుక్కలున్న సన్నటి పురుగు బయటపడుతుంది. వేలు తగిలితే చటుక్కున వెనక్కి జరుగుతుంది, లేదంటే దారం పట్టుకుని కిందికి జారుతుంది. అదే మారుకా మచ్చల పురుగు, మనవాళ్లు గూడు పురుగు అంటారు. ముసురు పట్టి, చేను గుబురుగా ఉండి, గాలి ఆడకపోతే దానికి పండుగే. మీరు రాసిన తీరు చూస్తే మీ చేనులో ఎక్కువగా ఉన్నది ఇదేనని నా అనుమానం. అయినా నా అనుమానం మీద మందు కొనకండి, విప్పి చూసి కొనండి.

గుడ్డ మీద రాలే పురుగు వేరే రకం కావచ్చు. శనగపచ్చ పురుగు గూడు కట్టదు. రెక్కల పురుగు లేత మొగ్గల మీద, పూల మీద గుడ్లను ఒక్కొక్కటిగా, గసగసాలంత సైజులో, లేత పసుపు రంగులో పెడుతుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల పురుగు బయటికొస్తుంది. పేరులో పచ్చ ఉన్నా రంగు ఆకుపచ్చగానే ఉండాలని లేదు; గోధుమరంగులోనూ, ఎరుపు ఛాయలోనూ కనిపిస్తుంది, పక్కల మాత్రం పొడవాటి చారలుంటాయి. పెద్దదయ్యాక కాయకు గుండ్రటి రంధ్రం చేసి, తల లోపల పెట్టి, సగం ఒళ్లు బయట వదిలి తింటుంది. ఒకదాన్నొకటి తినే గుణం కూడా ఉంది కాబట్టి ఒక కాయ మీద సాధారణంగా ఒకటే కనిపిస్తుంది. కాయను తొలిచినది ఏదో ఈ లక్షణాన్ని బట్టే సగం తేలిపోతుంది: గూట్లో దాగి తింటే మారుకా, బయట వేలాడుతూ తింటే శనగపచ్చ పురుగు.

చూసిన ఇరవై మొక్కల్లో రెండు రకాలూ ఎన్నెన్ని ఉన్నాయో ఒక కాగితం మీద రాసుకోండి. పిల్లలవా పెద్దవా అన్నది కూడా రాయండి, అది లెక్క కంటే ముఖ్యం. సెంటీమీటరు లోపు పురుగు మందుకు తేలిగ్గా లొంగుతుంది. అంగుళం దాటినది సగం మోతాదుకు చావదు, పైగా మరో నాలుగు రోజుల్లో తిండి మానేసి మట్టిలోకి దిగి కోశస్థ దశకు (గుల్లలో ముడుచుకుని రెక్కల పురుగుగా మారే దశకు) పోయేదానికి మందు కొట్టి మీకు మిగిలేదేమీ లేదు. శనగపచ్చ పురుగు సగటున మొక్కకు ఒకటి ఉంటే మందు కొట్టాలి. ఇరవై మొక్కల్లో నాలుగైదే ఉంటే ఆగండి. మారుకా విషయంలో అంత ఓపిక పనికిరాదు. గూళ్లు కొత్తగా పడుతున్నాయని కనిపిస్తే అప్పుడే కొట్టాలి, చేనంతా గూళ్లయ్యాక కొడితే గూడు తడుస్తుంది గానీ పురుగు తడవదు.

ఇక పూత రాలడం. కంది పూసిన పూతంతా కాయ కాదు. ఏ పురుగూ లేని ఆరోగ్యమైన చేనులో కూడా పది పూలు పూస్తే ఎనిమిది తొమ్మిది రాలిపోతాయి. ఈ మొక్క స్వభావమే అది. నేల మీద పసుపు పరిచినట్టు పూలు కనిపించగానే గుండె గుభేలుమంటుంది, దుకాణానికి పరుగెత్తుతాం, అక్కడ పూత నిలబడే మందు అని ఒక సీసా ఇస్తారు. మీ మొదటి బిల్లులో ఉన్న ఆ టానిక్ సీసా డబ్బులు పోయినట్టే లెక్కవేసుకోండి. రాలిన పూలు కొన్ని ఏరి చూడండి. రేకులు శుభ్రంగా ఉండి కాడ దగ్గర ఊడిపోతే అది సహజంగా రాలినది. రంధ్రాలు, దారాలు, రెట్ట ఉంటే పురుగు పని. నవంబరులో మంచు ఎక్కువైనా, నేలలో తేమ తగ్గినా రాలడం పెరుగుతుంది. బోరు ఉండి, నేల నెర్రెలిస్తుంటే పూతలో ఒక తడి, కాయ దశలో ఒక తడి ఇవ్వండి, ఏ టానిక్కూ చేయలేని పని అది. ఇంకో సంగతి కూడా మీకు ఊరటనివ్వాలి. కంది విడతలుగా పూస్తుంది. మొదటి విడత పురుగు పాలైనా రెండో విడతలో చాలావరకు పూడ్చుకోగలదు. కాబట్టి ఇప్పుడు కాపాడుకోవలసింది పోయిన పూతను కాదు, రాబోయే మొగ్గలను.

మీ బిల్లుల దగ్గరికి వస్తాను. అసలు కథ అక్కడే ఉంది.

మొదటిసారి ఇచ్చింది ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు, దానికి తోడు ఇమామెక్టిన్ బెంజోయేట్, పైన టానిక్. ఆ మొదటిది పత్తి రైతులు ఎక్కువగా కొనేది, అలమరలో చేతికందేలా ఉంటుంది. సైపర్‌మెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్ మందులకు శనగపచ్చ పురుగు అలవాటుపడి చాలాకాలమైంది. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలలో ఈ పురుగే పైరిత్రాయిడ్లను తట్టుకుని నిలబడింది. రైతులు కొట్టినకొద్దీ కొట్టారు, అప్పులపాలయ్యారు, ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. అదే పురుగు పత్తి మీద, కంది మీద, శనగ మీద, టమాటా మీద బతుకుతుంది కాబట్టి ఒక పంట మీద నేర్చిన తట్టుకునే శక్తి ఇంకో పంట మీద కూడా పనికొస్తుంది. పైగా ఈ మందులు సాలీళ్లను, అక్షింతల పురుగులను, పురుగు గుడ్ల మీద బతికే చిన్న కందిరీగలను ముందు చంపుతాయి. మీ తరఫున ఉచితంగా పనిచేస్తున్నవాటిని మీరే డబ్బిచ్చి చంపించినట్టయింది. దానికి జోడించిన ఇమామెక్టిన్ మంచి మందే, కందికి సిఫారసు ఉన్నదే. ఎకరాకు 88 గ్రాములు పడాలి. అది ఒక్కటీ సరైన మోతాదులో, మిగతావి లేకుండా కొట్టి ఉంటే సరిపోయేది.

రెండోసారి బిల్లులో క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 శాతం, 150 మిల్లీలీటర్ల సీసా ఒకటే కనిపిస్తోంది. ఎకరాకు 60 మి.లీ. కావాలి, అంటే నాలుగెకరాలకు 240. మీరు కొట్టించింది రెండున్నర ఎకరాలకు సరిపోయే మందు. ఇక నీళ్లు. మీరు చెప్పిన ఐదారు ట్యాంకులు, పదహారు లీటర్ల పంపు అనుకుంటే, ఎకరానికి వంద లీటర్లలోపే. ఛాతీ ఎత్తు కందికి, అదీ కొమ్మలు కలిసిపోయిన చేనుకు, చేతిపంపుతోనైనా బ్యాటరీ పంపుతోనైనా రెండు వందల లీటర్లు పట్టాలి. మందు సగానికి కాస్త ఎక్కువ, నీళ్లు సగం. పైన ఆకులు తడిశాయి, లోపలి గూళ్లు పొడిగా మిగిలాయి. బతికిన పురుగు ఊరికే బతకదు, ఆ మందును ఓర్చుకున్నదే బతికి సంతానాన్ని పెంచుతుంది. సగం మోతాదులో ఉన్న చిక్కు ఇదే.

ఇలా జరగడానికి ఇంకో కారణం కూలి లెక్క. ట్యాంకుకు ఇంత అని ఇవ్వడం తమ ప్రాంతంలో రివాజని చాలామంది రాస్తుంటారు, మీ దగ్గరా అంతే అయి ఉంటుంది. రైతు ట్యాంకులు తగ్గించాలని చూస్తారు, కొట్టేవారు ట్యాంకు త్వరగా ఖాళీ చేయాలని చూస్తారు. ఈసారి ఎకరానికి ఇంత అని మాట్లాడి, ఎకరానికి పన్నెండు ట్యాంకులు తప్పనిసరి అని ముందే చెప్పండి. నాజిల్ కోన్ రకం ఉండాలి, మంచులా పడాలి, ధారలా కాదు. మొక్క పైనుంచి ఊపుకుంటూ పోకుండా సాలు రెండు పక్కల నుంచీ నాజిల్‌ను పూగుత్తుల ఎత్తులో పెట్టి కొట్టించండి. డ్రోన్‌తో కొట్టించాలనుకుంటే ఎకరానికి పది లీటర్ల నీళ్లే పడతాయి, కానీ ఎకరా మోతాదు మందు మాత్రం తగ్గకూడదు. గూళ్లు ఎక్కువగా పడిన చేనుకు నేనైతే డ్రోన్ కంటే మనిషినే నమ్ముతాను.

రేపటి లెక్కలో గూడు పురుగు ఎక్కువగా తేలితే ఇప్పుడు కొట్టవలసింది స్పైనోసాడ్ 45 శాతం, ఎకరాకు 60 మి.లీ., రెండు వందల లీటర్ల నీళ్లలో. శనగపచ్చ పురుగు ఎక్కువైతే అదే కొట్టవచ్చు, లేదా ఇండాక్సాకార్బ్ 14.5 శాతం ఎకరాకు 160 మి.లీ. ఏదో ఒక్కటే, రెండూ కలిపి కాదు. దానిలో ఇంకో పురుగుమందు గానీ, టానిక్ గానీ, 19-19-19 ఎరువు గానీ పోయకండి. ఒక్కటే కొడితే అది పనిచేసిందో లేదో మీకు తెలుస్తుంది, మూడు కలిపితే ఏది పనిచేసిందో కొట్టినవారికీ తెలియదు, అమ్మినవారికీ తెలియదు.

దుకాణంలో బహుశా ఫ్లూబెండియమైడ్ ఇస్తామంటారు. మంచి మందే, కానీ మీకు ఇప్పుడు వద్దు. అది క్లోరాంట్రానిలిప్రోల్ కుటుంబంలోదే, పురుగు మీద పనిచేసే దారి ఒకటే. మందు మార్చామని మనం అనుకుంటాం, పురుగుకు మాత్రం పాత మందే. అలాగే డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వ్యాపార పేరు చూసి కొనకండి. కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చదివించుకోండి. 2022లో మన దేశంలో క్లోరాంట్రానిలిప్రోల్ పేటెంటు గడువు తీరాక అదే మందును ఎన్నో కంపెనీలు ఎన్నో పేర్లతో అమ్ముతున్నాయి. వేరే రంగు సీసా, వేరే పేరు, లోపల అదే సరుకు. ఆ చిన్న అక్షరాలు ఫోనులో ఫొటో తీసి పెద్దవి చేసి చూడవచ్చు.

ఎవరైనా పెద్దవారు గూడు పురుగుకు డైక్లోర్‌వాస్ కలపమంటారు. పాత కరపత్రాల్లో ఆ సలహా నిజంగానే ఉంది, ఆ మందు ఆవిరి గూట్లోకి చొచ్చుకుపోతుందని అప్పట్లో కలిపించేవారు. 2020 డిసెంబరు 31తో దేశంలో దాని వాడకం ఆగిపోయింది, ట్రయజోఫాస్ కూడా అదే పట్టికలో ఉంది. ఎవరైనా చాటుగా ఇస్తే తీసుకోకండి. మీ చేనులో కొట్టే మనిషి ఊపిరితిత్తుల సంగతి కూడా ఆలోచించాలి కదా.

సాయంత్రం కొట్టించండి. ఉదయం ఎండ ఎక్కేసరికి కంది పూల మీద తేనెటీగలు, నల్లటి పెద్ద తుమ్మెదలు తిరుగుతుంటాయి, వాటి మీద మందు పడకూడదు. రెక్కల పురుగులు, లద్దె పురుగులు కూడా పొద్దుగూకాకే చురుగ్గా ఉంటాయి. కొట్టేవారికి ముక్కుకు మాస్కు, పొడవు చేతుల చొక్కా, చేతులకు తొడుగులు ఉండాలి. గాలికి ఎదురుగా నడవనివ్వకండి. నాలుగైదు రోజులాగి మళ్లీ అవే ఐదు చోట్ల గూళ్లు విప్పి చూడండి. లోపల పురుగు నల్లబడి, ముడుచుకుని ఉంటే పని జరిగినట్టే. పాత గూళ్లు అలాగే వేలాడుతుంటాయి, వాటిని చూసి మందు పనిచేయలేదని కంగారుపడకండి.

చేనులో కొన్ని మొక్కలు పూతే లేకుండా, చిన్న చిన్న లేతపచ్చ ఆకులతో గుబురుగా పెరిగి కనిపిస్తే వాటికి పురుగుతో సంబంధం లేదు. అది వెర్రి తెగులు, కంటికి కనపడని నల్లి దాన్ని మోసుకొస్తుంది. ఇప్పుడు దానికి చేసేదేమీ లేదు. అవి ఎక్కువగా ఉంటే వచ్చే ఏడాది ఆ తెగులును తట్టుకునే ఆశ లాంటి రకం వేసుకోండి.

పిందెలు దిగాక కథ మారుతుంది. శనగపచ్చ పురుగు పెద్దదై కాయల మీద కనిపిస్తున్నప్పుడు పాత పద్ధతి ఒకటి బాగా పనిచేస్తుంది. సాళ్ల మధ్య ప్లాస్టిక్ పట్టా లాగుతూ, మొక్కను వంచి దులిపి, పడిన పురుగులను ఏరి చంపడం. కలబురగి వైపు కంది రైతులు చేసేదాన్ని చూసి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి మంచిదన్నారు. పెద్ద పురుగులకు మందు కంటే ఇదే నయం. ముగ్గురు మనుషులుంటే చాలు. గూట్లో ఉన్న మారుకా మాత్రం దులిపితే రాలదు.

దానికంటే నేను ఎక్కువగా భయపడేది కాయ ఈగకు, ఎందుకంటే అది కనిపించదు. చిన్న నల్లటి ఈగ లేత కాయ తొక్కలోకి గుడ్డు చొప్పిస్తుంది. కాళ్లు లేని తెల్లటి పురుగు లోపలే గింజను తొలిచి తింటుంది, లోపలే కోశమవుతుంది. అది ఈగగా బయటికి వచ్చేదాకా కాయ మీద చిన్న మచ్చ కూడా ఉండదు. నూర్చాక గింజ మీద గాడులు చూసి అప్పుడు తల పట్టుకుంటాం. మీది ఆరు నెలల రకం, జనవరి దాకా కాయ ఉంటుంది కాబట్టి దీని బెడద తప్పదు. గింజ కట్టడం మొదలయ్యే పిందె దశలో చేనంతా తిరిగి యాభై పచ్చికాయలు కోసుకొచ్చి, ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చీల్చి చూడండి. రెండు మూడింట్లో పురుగు కనిపించినా డైమిథోయేట్ 30 శాతం లీటరుకు 2 మి.లీ. చొప్పున కొట్టించండి. ఇది మొక్కలోకి ఇంకే మందు, అందుకే లోపలి పురుగుకు చేరుతుంది. ఆ దశ దాటి, ఈగ బయటపడి రంధ్రాలు కనిపించాక కొడితే ఫలితం ఉండదు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచి గింజకు ధర పలుకుతుంది. గాడులు పడిన గింజ ఆ ధరను దించేస్తుంది.

ఆఖరి పిచికారీకి, కోతకు మధ్య ఎన్ని రోజులు ఆగాలో ప్రతి డబ్బా మీద రాసి ఉంటుంది. క్లోరాంట్రానిలిప్రోల్‌కు కందిలో అది 29 రోజులు. పచ్చికాయలు కోసి ఉడకబెట్టుకుని తినే అలవాటు మన దగ్గర ఎక్కువ, చేనికి వెళ్లిన పిల్లలు తెంపుకుని తింటారు. మందు కొట్టిన చేనులో తినవద్దని పిల్లలకు చెప్పండి.

పక్క చేను సంగతి అడిగారు. వాళ్లకు కలిసొచ్చింది అదృష్టం కాదు, జొన్న. జొన్న మధ్యలో ఉంటే కంది అంత గుబురుగా కమ్ముకోదు, గాలి ఆడుతుంది, గూడు పురుగుకు అది నచ్చదు. జొన్న కంకుల మీద పేనుబంక లాంటి మెత్తటి పురుగులు పడితే వాటి కోసం అక్షింతల పురుగులు వస్తాయి, అక్కడి నుంచి కందిలోకి వ్యాపిస్తాయి. జొన్న మీద వాలిన గోరింకలు, పసుల పోలిగాళ్లు కంది మీది లద్దె పురుగులను ఏరుకుంటాయి. దసరానాడు పాలపిట్టను చూడాలని ఊరి బయటికి వెళతాం గానీ, అది ఏడాది పొడవునా మన చేలలో చేసే పనిని గమనించం. మీ చేనులో జొన్న లేదు కాబట్టి ఎకరానికి ఇరవై దాకా T ఆకారంలో కర్రలు, కంది కంటే మూరెడు ఎత్తు ఉండేలా పాతండి. ఖర్చు లేదు, రేపే చేయవచ్చు.

వచ్చే ఏడాదికి రెండు మూడు మాటలే చెబుతాను. కోత అయ్యాక వేసవిలో లోతుగా దున్నించండి, మట్టిలోని కోశాలు ఎండకు, పక్షులకు బలవుతాయి. నల్లరేగడిలో సాళ్ల మధ్య ఐదారు అడుగులు వదలండి. ఈసారి మీవి దగ్గరైనట్టున్నాయి, అందుకే కొట్టేవారు లోపలికి పోలేకపోయారు. జొన్న కలపండి, గట్ల మీద బంతి వేయండి, శనగపచ్చ పురుగు బంతి పూలకు బాగా ఎగబడుతుంది, అక్కడే ఏరేయవచ్చు. అభయ, ఎల్.ఆర్.జి. 41 లాంటి రకాలు శనగపచ్చ పురుగును కొంత తట్టుకుంటాయి, కానీ మీ నేలకు, మీ వానకు ఏది సరిపోతుందో తాండూరు వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడిగి వేయండి. జూన్, జూలైల్లో వేపకాయలు రాలినప్పుడు పోగుచేసి గింజలు ఎండబెట్టి దాచండి. మొగ్గ దశలోనే, పురుగు కనిపించక ముందే, ఐదు శాతం వేపగింజల కషాయం కొడితే రెక్కల పురుగు గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. ఎకరానికి పది కిలోల గింజల పప్పు దంచి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి, వడకట్టి, రెండు వందల లీటర్లు చేసి, పావుకిలోకు కాస్త తక్కువ సబ్బు పొడి కలిపి కొట్టాలి. సబ్బు పొడి వేయకపోతే మందు ఆకు మీద నిలవదు. మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించే లింగాకర్షక బుట్టలు ఎకరానికి నాలుగు పెడితే రెక్కల పురుగులు ఎప్పుడొచ్చాయో తెలుస్తుంది. ఆ బుట్టలతోనే పురుగు పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి, అవి కబురు చెప్పడానికే.

పైన చెప్పిన మోతాదులు ఒకసారి మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారికి చూపించి, డబ్బా మీది సూచనలతో సరిచూసుకుని కొనండి. వీలైతే ఆయనను చేనుకే రమ్మనండి, విప్పిన గూడు చూపించండి. లేదంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

చివరి ప్రశ్న, విత్తనం. పూత మీద, కాయ మీద పురుగు పడిందన్న కారణంగా చేను మొత్తం పనికిరాకుండా పోదు. తొలిచిన గింజలు, కాయ ఈగ గాడులు పడినవి మొలవవు, మొలిచినా బలంగా రావు, వాటిని జల్లెడపట్టి, ఏరి తీసేయండి. పురుగు తక్కువగా ఉన్న భాగాన్ని, వెర్రి తెగులు లేని మొక్కలను ఇప్పుడే గుర్తుపెట్టి, విత్తనానికి వేరుగా కోయండి. అయితే విత్తనానికి అసలు శత్రువు ఇంకొకటి, పుచ్చు పురుగు. అది ఎక్కువగా మొదలయ్యేది గాదెలో కాదు, ఎండిన కాయ మీద చేనులోనే గుడ్లు పెడుతుంది, మనమే ఇంటికి తెచ్చుకుంటాం. కాయ ఎండాక చేనులో నిలవ ఉంచకుండా కోసి నూర్చండి. గింజను పంటి కింద పెడితే పటుక్కున విరిగేదాకా ఎండబెట్టండి, తేమ తొమ్మిది పది శాతానికి మించకూడదు. మూడు పొరల సంచులు దొరికితే లోపలి రెండు ప్లాస్టిక్ పొరలను గాలి లేకుండా ఒకదాని తర్వాత ఒకటి బిగించి కట్టండి. లోపల ఉన్న పురుగు గాలి అందక చస్తుంది, ఏ పొడీ కలపనక్కర్లేదు. దొరకకపోతే గింజల్లో జల్లించిన బూడిద కలిపి కుండలో పోసి మూతికి పేడమట్టి పూయండి. నెలకోసారి కుండ తెరవవద్దు, విత్తే ముందే తెరవండి.